పుర్రెకు పళ్లు పెట్టిన షాపు

హన్మకొండలో నేను పటం కట్టించుకున్న షాపు గురించి రాస్తున్నాను. పేరు మాత్రం రాయను, రాయొద్దని యజమానే అన్నాడు. ‘ఉన్న గిరాకికే పురసత్ లేదు సార్, మల్ల కొత్తోళ్లెందుకు’ అన్నాడు. చౌరస్తాకు దగ్గర్లో, స్టీలు సామాన్ల కొట్ల వెనక సందులో ఉంటుంది. ముందు వేపచెట్టు, దాని మొదట్లో పగిలిన గాజు ముక్కలు వేసే నీలం డ్రమ్ము. వెతుక్కునేవాళ్లకు ఈ గుర్తులు చాలు.

ఐదు మార్కులకు నాలుగు ఇస్తాను. తగ్గించిన ఆ ఒక్కటి ఎందుకో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

నేను 31 ఏళ్లు డ్రాయింగ్ సార్‌ని. లోయర్, హయ్యర్ డ్రాయింగ్ పరీక్షలకు పిల్లల్ని తయారు చేయడమే ఎక్కువగా నా పని. స్టిల్ లైఫ్ కోసం బల్ల మీద గళ్ల దుప్పటి పరిచి, ఇత్తడి చెంబు, రెండు ఉల్లిగడ్డలు, ఒక వంకాయ పెట్టేవాణ్ని. సోమవారం నిగనిగలాడిన వంకాయ గురువారానికి ముడతలు పడి, తొడిమ దగ్గర మెత్తబడేది. ఒకసారి ఒక అమ్మాయి ఆ ముడతలతో సహా వేసింది. మొదటి రోజు ఎట్లా ఉందో అట్లా వేయాలని కోప్పడి, మార్కులు కూడా తగ్గించాను. ఆ తర్వాత చాలా ఏళ్లకు ఇటలీ చిత్రకారుడు కారవాజ్జో 1599 ప్రాంతంలో వేసిన పండ్ల బుట్ట బొమ్మ పెద్ద సైజులో చూశాను. పైన కనబడే ఆపిల్‌కు పురుగు తొలిచిన బొక్క, పక్కన ఎండి ముడుచుకుపోయిన ఆకులు. అది ఇప్పుడు మిలాన్‌లో ఆంబ్రోసియానా గ్యాలరీలో ఉంది. నా దగ్గరికి వస్తే నేను దానికీ మార్కులు తగ్గించేవాణ్నే.

రిటైరయ్యాక గోడకు ఏదైనా మంచి బొమ్మ పెట్టుకుందామనుకున్నాను. పీటర్ క్లాస్ అని హాలెండులో హార్లెమ్ ఊళ్లో బొమ్మలు వేసుకుని బతికినాయన. 1628లో ఒక పుర్రె బొమ్మ వేశాడు. ఇప్పుడది న్యూయార్క్‌లో మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. ఆ మ్యూజియం వాళ్లు 2017 నుంచి కాపీరైటు తీరిపోయిన తమ బొమ్మల ఫొటోలను ఎవరైనా ఎట్లాగైనా వాడుకొమ్మని ఉచితంగా పెట్టారు. పెద్ద ఫైలు దిగుతుంది, పైసా ఖర్చు లేదు. పెన్‌డ్రైవ్‌లో వేసుకుని బయల్దేరాను. ఆన్‌లైన్‌లోనే ఫ్రేముతో సహా తెప్పించుకోవచ్చు కదా నాన్నా అన్నాడు మా వాడు. పోయినసారి అట్లా తెప్పించిన బొమ్మకు రంగులన్నీ నారింజ పండు రసం పోసినట్టు వచ్చాయి. ఎవరితో పోట్లాడాలో కూడా తెలియలేదు. సందులో షాపైతే కనీసం పోయి నిలబడొచ్చు.

బొమ్మలో ఉన్నవి కొన్ని వస్తువులే. పుర్రె, ఈక కలం, పక్కకు ఒరిగిన గాజు గ్లాసు, వత్తి చివర కొనఊపిరితో ఉన్న నూనె దీపం. అన్నీ గుంటలు పడ్డ రాతి గట్టు మీద. రంగులు కూడా బూడిద, గోధుమ ఛాయలే. పుర్రెకు కొన్ని పళ్లు ఊడిపోయి సందులుంటాయి. మా పరీక్షకు బల్ల మీద పెట్టే వస్తువుల్లో చెంబు తీసి గ్లాసు, వంకాయ తీసి పుర్రె పెట్టినట్టే. ఈ రకం బొమ్మలను వానిటాస్ అంటారు. లాటిన్ మాట, వట్టిది అని అర్థం. బైబిల్లో ప్రసంగి గ్రంథం ఎత్తుకోవడమే అంతా వ్యర్థమని ఎత్తుకుంటుంది, ఆ మాట నుంచి వచ్చిన పేరు. 1600ల్లో హాలెండుకు సముద్ర వ్యాపారంతో డబ్బు వచ్చిపడింది. అక్కడ కొత్తగా వచ్చిన ప్రొటెస్టెంట్ క్రైస్తవం చర్చిల్లో బొమ్మలు వద్దంది. చిత్రకారులు ఇళ్ల గోడలకు సరిపోయే చిన్న బొమ్మలు వేసి అమ్ముకున్నారు. డబ్బున్న వర్తకుడు, డబ్బు వట్టిదని చెప్పే బొమ్మను డబ్బు పోసి కొని గోడకు పెట్టుకునేవాడు. నవ్వకండి, నేనూ 950 రూపాయలు పెట్టాను.

నేను వెళ్లింది పెత్రమాసకు పది రోజుల ముందు. షాపు కిటకిటలాడుతోంది. ఒక గోడకు దేవుళ్లు: భద్రకాళమ్మ, కొమురెల్లి మల్లన్న, ఎల్లమ్మ, సమ్మక్క సారలమ్మ. ఎదుటి గోడకు చనిపోయినవాళ్లు, కింద పేరు, జననం, మరణం. పెద్దలకు బియ్యం ఇచ్చే రోజు దగ్గర పడితే అందరికీ పటాలు గుర్తొస్తాయట. గాజు పగిలినవి, చెద పట్టినవి, ఇన్నాళ్లూ కట్టించక కవర్లోనే ఉండిపోయినవి, అన్నీ ఈ పది రోజుల్లోనే వస్తాయి. ఈ కాలంలో అర్జెంటు పని ఉంటే ఈ షాపుకు వెళ్లకండి.

ఫోన్లో బొమ్మ చూపించాను. యజమాని అరవై దాటినాయన, కళ్లజోడు నుదుటి మీదికి జరిపి చూశాడు.

‘డేంజర్ బోర్డా సార్? ట్రాన్స్‌ఫార్మర్‌కు కొడ్తరు గద.’

‘కాదన్నా, ఇంట్లో పెట్టుకోవడానికే.’

‘ఇంట్లనా?’ అని నా మొహం చూశాడు. పక్కన కూర్చున్న ఇద్దరు ఆడవాళ్లు కూడా చూశారు.

అదే మ్యూజియంలో ఉన్న ఇంకో బొమ్మ కూడా ఫోన్లో ఉంది, అది చూపించాను. యాకబ్ డి ఖైన్ 1603లో వేసింది. వానిటాస్ బొమ్మల్లో మనకు తెలిసినంతలో ఇదే మొదటిదని చెబుతారు. గూట్లో పుర్రె, దాని పైన గాల్లో పెద్ద బుడగ, కింద నాణేలు, ఒక పక్క ట్యూలిప్ పువ్వు. పైన ఇద్దరు గ్రీకు తత్వవేత్తలు బుడగను వేలితో చూపిస్తుంటారు, ఒకాయన నవ్వుతూ, ఒకాయన ఏడుస్తూ. మనిషి నీటి బుడగ అని లాటిన్‌లో పాత సామెత ఉంది, బొమ్మకు అదే ఆధారం. ఇదంతా చెప్పడానికి గొంతు సవరించుకున్నాను. అవసరం పడలేదు.

‘నీటి బుగ్గ. గిది సమజైంది సార్’ అన్నాడు. ‘పటాలు కట్టేటోనికి గీ ముచ్చట చెప్పాల్నా? సైజెంత?’

సైజు దగ్గర మళ్లీ పేచీ. అసలు బొమ్మ 24.1 సెంటీమీటర్లు ఎత్తు, 35.9 వెడల్పు. అంగుళాల్లో తొమ్మిదిన్నర, పద్నాలుగు. నాకు అదే సైజు కావాలి. ఆయనకు ఎనిమిది-పన్నెండు తెలుసు, పన్నెండు-పద్దెనిమిది తెలుసు. ఇంత దూరం బొమ్మకు ఇంత చిన్న పటమేంది, పెద్దగ చేయించుకోరాదు అన్నాడు. అసలుదే అంత ఉంటుందంటే నమ్మలేదు. మ్యూజియంలో ఉండేవన్నీ గోడంత ఉంటాయని ఆయన లెక్క. చివరికి చుట్టూ మౌంట్ బోర్డు పెట్టి బయటి కొలత పన్నెండు-పదహారున్నర చేద్దామన్నాడు. అది మంచి సలహానే. బీడింగు కూడా ఆయనే తేల్చాడు. గోల్డ్ వద్దంటే నల్లటి టేకు బద్ద, సన్నంగా, పాలిష్ లేకుండా తీశాడు. ఆ కాలం హాలెండు వాళ్లు నల్లటి ఎబొనీ చెక్కతో ఫ్రేములు కట్టుకునేవారు. ఆయనకు ఆ సంగతి తెలియదు, కానీ చేయి సరిగ్గా అక్కడికే పోయింది. ప్రింటు 180, మౌంటు 120, ఫ్రేము, గాజు, వెనక చెక్క కలిపి 650. మూడు రోజుల్లో రమ్మన్నాడు. మూడంటే ఎనిమిది పట్టింది, రెండుసార్లు ఉత్తగా తిరిగాను.

ఎనిమిదో రోజు పటం చేతిలో పెట్టారు. చూడగానే చెక్కపని బాగుందనిపించింది. మూలలు నలభై ఐదు డిగ్రీలకు కోసి కలిపితే గోరు కూడా దూరలేదు. తర్వాత బొమ్మ చూశాను.

పుర్రెకు పళ్లన్నీ ఉన్నాయి. వరసగా, తెల్లగా, టూత్‌పేస్టు ప్రకటనలో ఉన్నట్టు. రాతి గట్టు మీది గుంటలు పోయి వంటింటి గ్రానైట్ బండలా నున్నగా అయింది. దీపం వెలుగుతోంది. బొట్టు బిళ్లంత పచ్చటి మంట.

కంప్యూటర్ ముందు కూర్చునే పిల్లవాడు, ఇరవై రెండేళ్లుంటాయేమో, గర్వంగా నా వైపు చూస్తున్నాడు. ‘బాగ పాత ఫొటో సార్, ఖరాబైంది. మంచిగ క్లీన్ చేసిన. ఏఐల వేస్తే పళ్లు గూడ వచ్చినయి.’

నాకు కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ నాకంటే ముందు కోపంగా ఇంకొకావిడ నిలబడి ఉంది. పరకాల వైపు ఏదో ఊరు, పొద్దున బస్సుకు వచ్చిందట. చేతిలో వాళ్లమ్మ పటం. ఇచ్చిన ఫొటో పింఛను కాగితాల కోసం దిగింది, అంతకుమించి ఇంట్లో ఇంకో ఫొటో లేదట. పటంలో ఉన్న ముసలావిడకు నీలం బ్యాక్‌గ్రౌండు, జరీ అంచు చీర, నున్నటి బుగ్గలు, నోరు కొంచెం తెరిస్తే నిండా పళ్లు.

‘గీమె ఎవరు?’ అంది ఆవిడ.

‘మీ అమ్మనే అక్కా. జర మంచిగ చేసిన.’

‘మా అవ్వకు ముందర రెండు పండ్లు లెవ్వు. నా పెండ్లప్పటికే లెవ్వు. గీమె మా అవ్వ గాదు.’

అరవలేదు. పటం బల్ల మీద పెట్టి, గాజు మీద వేలు పెట్టి చూపించింది. నోటి దగ్గర వేలు అక్కడే ఉంచింది. షాపులో ఎవరూ మాట్లాడలేదు. పిల్లవాడు కాసేపు తల వంచుకుని, ‘ఒరిజినల్ ఉన్నదక్కా, డిలీట్ చెయ్యలే’ అన్నాడు. యజమాని లేచి వచ్చి వెనక మేకులు పీకాడు. గాజు తీశాడు. ఆవిడ బస్సు టైము కనుక్కుని, అరగంటలో కొత్త ప్రింటు వేయించి, అదే ఫ్రేములో బిగించి ఇచ్చారు. చీర మాత్రం జరీ అంచుదే ఉంచమంది. ‘గసొంటి చీర కొనియ్యాలె అనుకున్న’ అని ఆమె ఎవరితోనూ కాకుండా అంది. ఈసారి పళ్లు లేవు. డబ్బులు ఇవ్వబోతే యజమాని తీసుకోలేదు.

నా వంతు వచ్చేసరికి కోపం చాలామటుకు దిగిపోయింది. పిల్లవాడి పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. వాడి పని ఏమిటో అప్పుడు అడిగాను. రోజుకు ఏడెనిమిది ఫొటోలు వస్తాయట. ఎక్కువ ఆధార్ కార్డు ఫొటోలు, లేకపోతే పెళ్లిలో ఎవరి వెనకో సగం కనబడ్డవి. ఆసుపత్రిలో తీసినవైతే ముక్కులో పైపు తీసేస్తాడు. కళ్లు మూసి ఉంటే తెరిపిస్తాడు. బనీను మీద ఉంటే చొక్కా తొడుగుతాడు. జుట్టు దువ్వుతాడు. ‘పోయినోళ్లు పోయినట్టు కనవడొద్దు సార్, గంతే’ అన్నాడు. అటువంటి చేతికి నేను పుర్రెను ఇచ్చాను. వాడు నేర్చిన విద్యంతా దాని మీద చూపించాడు.

ఒక్కొక్కటీ చెప్పాను. ‘తమ్మీ, గ్లాసు ఒరిగింది ఎందుకు? తాగేవాడు లేడు. కలం ఉంది, రాసేవాడు లేడు. రాయి కూడా అరిగిపోతుందని గట్టుకు ఆ గుంటలు పెట్టాడు, అందుకే వాటిని పూడ్చొద్దు. దీపం…’ దగ్గర ఆగాను. మనం దీపం ఆరిపోయిందని కూడా అనం కదా, కొండెక్కింది అంటాం. ‘దీపం కొండెక్కుతున్నది. నువ్వు మళ్లా ముట్టించినవు.’

వాడు స్క్రీను మీద పాత ఫైలును పెద్దది చేసి వత్తి దగ్గర చాలాసేపు చూశాడు. ‘అంటే సార్, గీ బొమ్మల ఖరాబైనయే మంచియి అన్నట్టు’ అన్నాడు. 31 ఏళ్ల సర్వీసులో వానిటాస్ గురించి నేను ఇంత పొట్టిగా చెప్పలేకపోయాను.

పళ్ల సంగతి వచ్చింది కాబట్టి ఇంకొకటి. ఇంగ్లండులో డేమియన్ హర్స్ట్ అనే ఆర్టిస్టు 2007లో ఒక పాత పుర్రెకు ప్లాటినం పోత పోయించి, 8,601 వజ్రాలు పొదిగించాడు. అన్నీ కొత్తవి చేయించాడు గానీ పళ్లు మాత్రం ఆ పాత పుర్రెవే పెట్టాడు. వాడికి ఇది కూడా చెప్పాను. వజ్రాల ధర అడిగాడు, పళ్ల మాట పట్టించుకోలేదు.

కొత్త ప్రింటు డబ్బు తీసుకోకుండా వేసిచ్చారు. మర్నాడే ఇచ్చారు, అది పెత్రమాసకు ముందు రోజు. ఈసారి బొమ్మ సరిగ్గా వచ్చింది. నలుపు కొంచెం ఎక్కువైంది, దీపం వెనక నీడలో ఛాయలు కలిసిపోయాయి. మ్యాట్ పేపర్‌కు అంతకంటే రాదేమో. సాదా గాజు వేయించుకున్నాను, కాబట్టి ఎదురుగా ట్యూబ్‌లైటు ఉంటే అందులో గీతలా పడుతుంది. మెరుపు కొట్టని గాజు కూడా ఉందన్నారు, కానీ దాన్లోంచి చూస్తే బొమ్మ మీద పలచటి పొగమంచు ఉన్నట్టుంది. మీ గదిలో వెలుతురు ఎటు నుంచి పడుతుందో చూసుకుని చెప్పండి. వెనకాల చెక్కకు బ్రౌన్ టేపు నాలుగు వైపులా అంటించారు, చెద పట్టదట. కొక్కెం గట్టిది.

ఇంటికి వచ్చి చూస్తే పటం పైన రెండు మూలల్లో రెండు చిన్న మేకులున్నాయి. ముందు అర్థం కాలేదు. దండ వేయడానికి. ఆ షాపు నుంచి బయటికి వెళ్లే ప్రతి పటానికీ అలవాటుగా కొడతారట. తీసేయమని ఫోన్ చేద్దామనుకుని మానేశాను.

ఆ సాయంత్రం మా ఆవిడ చాప మీద గునుగు పువ్వు, తంగేడు, బంతి కుప్పలు పోసుకుని కూర్చుంది. మర్నాడు ఎంగిలిపూల బతుకమ్మ, వేయిస్తంభాల గుడికి వెళ్లాలి. గునుగు కాడలు సమంగా కోసి రంగు నీళ్లలో ముంచుతోంది. నేను పటం పట్టుకుని హాల్లో మేకు కోసం గోడ చూస్తున్నాను.

‘ఎవరన్న వస్తే ఏమనుకుంటరు?’ అంది తలెత్తకుండా.

నాలుగు వందల ఏళ్ల నాటి బొమ్మ అన్నాను. ఫ్రెంచివాళ్లు స్టిల్ లైఫ్‌ను చచ్చిన ప్రకృతి అంటారని కూడా అన్నాను. పండగ ముందు రోజు ఆ మాట అనకుండా ఉండాల్సింది.

‘మేము పేర్చి నీళ్లల్ల ఇడుస్తం’ అంది. ‘మీరేమో గోడకు కొడ్తున్నరు.’

తొమ్మిదో రోజు పద్మాక్షి గుండంలో ఆ పువ్వులన్నీ తేలుతాయి. నాకు జవాబు దొరకలేదు. పటం ఇప్పుడు నా గదిలో ఉంది, బీరువా పక్కన, తలుపు తీస్తే వెనక్కి పోయేచోట. అది రాజీ.

ఇక వెళ్లేవాళ్లకు. పొద్దున పదిన్నరకు గానీ తెరవరు, తెరిచినా ఆపరేటర్ పదకొండు దాటాకే వస్తాడు. ఫోన్‌పే ఉంది. అడ్వాన్సు సగం తీసుకుంటారు, చీటీ ఇవ్వరు, కానీ మర్చిపోరు. దేవుడి పటాలకు, మనుషుల పటాలకు వేరే రేటు లేదు. చిన్న పని అని విసుక్కోరు. మీ ఫొటోకు ఏం చేయొచ్చో, ఏం చేయకూడదో ముందే నోటితో చెప్పండి, చెప్పకపోతే వాడు అందంగా చేస్తాడు. ఒక మార్కు అందుకే తగ్గించాను. ఆ పరకాల ఆవిడ ఎన్ని ఇస్తుందో నేను అడగలేదు.

నిన్న రెండో ఫైలు ఇచ్చి వచ్చాను, బుడగ బొమ్మ. ఆ బుడగ లోపల సన్నగా, కనబడీ కనబడనట్టు ఏవేవో బొమ్మలుంటాయి, చూస్తే మరకల్లాగే ఉంటాయి. ‘ఇవి మరకలు కావు, ముట్టుకోవద్దు’ అని ఎర్ర పెన్నుతో రాసి పెన్‌డ్రైవ్ కవరుకు పిన్ చేసి ఇచ్చాను. పిల్లవాడు చదివి నవ్వాడు. యజమాని మాత్రం ఈసారి సైజు అడగలేదు, 82.6-54 సెంటీమీటర్లని నేనే చెబితే, ‘ఇది పెద్దగనే ఉన్నది’ అని టేపు తీశాడు. సోమవారం రమ్మన్నారు. అంటే గురువారం వెళ్తాను.